పాదం తప్పేమీ లేదు

ఆ తల్లి లోపలికి వస్తూనే నా టేబుల్ మీద ఒక అట్టపెట్టె పెట్టింది. తెరిస్తే బూటు లోపల పాదం కింద వేసుకునే నీలం రంగు ఇన్సోల్స్ జత. అబ్బాయి పాదాలు స్కాన్ చేసి, కొలత ప్రకారం చేయించినవి. ఆరు వందల డాలర్ల దాకా అయ్యాయట.

"వేసుకోబట్టి నాలుగు నెలలైంది డాక్టర్ గారూ. నొప్పి మాత్రం అలాగే ఉంది. వీడివి ఫ్లాట్ ఫీట్ అన్నారు. ఇంతకంటే గట్టివి వేయించాలా?"

అబ్బాయికి పదకొండేళ్ళు. కుడి మడమ నేలకు ఆనకుండా మునివేళ్ళ మీద నడుచుకుంటూ వచ్చాడు. కుర్చీలో కూర్చోగానే బూటు విప్పి మడమ పట్టుకున్నాడు. ఇల్లు మెల్‌బోర్న్ పడమటి వైపు టార్నీట్‌లో, మన తెలుగువాళ్ళు బాగా ఉండే చోటు. కొడుకు ఫాస్ట్ బౌలర్ కావాలని వాళ్ళ నాన్న కోరిక. వాడికీ అదే పిచ్చి.

పెట్టె మూసి పక్కన పెట్టాను. ఒక తెల్ల కాగితం తీసి, ఎడమ పక్కన ఏడు వారాల పేర్లు రాసి, "ఏ రోజు ఏం ఆడతావు నాన్నా?" అని అడిగాను. సోమవారం బాస్కెట్‌బాల్. మంగళవారం క్రికెట్ అకాడమీ. బుధవారం క్లబ్ ప్రాక్టీస్. గురువారం మళ్ళీ అకాడమీ. శుక్రవారం సాయంత్రం లిటిల్ అథ్లెటిక్స్, అందులో లాంగ్ జంప్. శనివారం పొద్దున మ్యాచ్. ఆదివారం నాన్నతో నెట్స్. ఇవిగాక స్కూల్లో లంచ్ బ్రేక్‌లో పరుగులు.

"మరి ఖాళీ ఎప్పుడు?"

తల్లీ కొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పటిదాకా ఆ ప్రశ్న వాళ్ళను ఎవరూ అడగలేదట.

తర్వాత వాడి మడమను రెండు అరచేతుల మధ్య పెట్టి, పక్కల నుంచి మెల్లగా నొక్కాను. కాలు వెనక్కి లాక్కున్నాడు. రెండో కాలు నొక్కితే ఏమీ లేదు. అంతే, పరీక్ష అయిపోయింది. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల్లో మడమ ఎముక వెనక భాగం ఇంకా వేరే ముక్కగానే ఉంటుంది. మధ్యలో మెత్తని ఎదుగుదల పలక ఉంటుంది. పిక్క కండరం ఆ ముక్కను పైకి లాగుతుంటుంది. రోజూ దూకుతూ పరిగెత్తుతూ ఉంటే ఆ చోటు నొప్పి పెడుతుంది. 1912లో జేమ్స్ సీవర్ అనే అమెరికన్ డాక్టర్ దీన్ని వివరించాడు కాబట్టి ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తాం. ఎముక ఎదిగి పలక మూసుకుపోయాక ఈ నొప్పి ఉండదు. ఈలోపు చేయాల్సింది ఆట తగ్గించడం, పిక్కకు బలం పెంచడం, కొన్నాళ్ళు మడమ కింద చిన్న మెత్త పెట్టడం.

ఆ అబ్బాయివి చదును పాదాలే, కాదనను. అయితే రెండు పాదాలూ ఒకే రకం చదును, నొప్పి ఒక్క కుడి కాలికే. బౌలింగ్‌లో ఆ కాలి మీదే వాడు గెంతేది. ఆ తేడా నాలుగు నెలలుగా ఎవరి కంటా పడలేదంటే, అందరూ పాదం ఆకారాన్నే చూస్తూ ఉండిపోయారన్నమాట.

నేను స్పోర్ట్స్ పోడియాట్రిస్ట్‌ని. ఆటలాడేవాళ్ళ పాదాలు, చీలమండలు, పిక్కలు చూడటం నా పని. పన్నెండేళ్ళుగా ఇదే చేస్తున్నాను. ఈ వృత్తి గురించి అడుగుతూ నాకు మెసేజ్‌లు పెట్టే పిల్లలకు విడివిడిగా రాసేకంటే ఒకసారి వివరంగా రాద్దామనుకున్నాను. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. పాదాన్ని సరిచేయడం మా పని అనుకుని ఈ చదువుకు రావద్దు. నూటికి తొంభై మంది విషయంలో ఆ పాదం తప్పేమీ ఉండదు. దాని మీద పడిన పని ఎంత, అది మోయగలిగింది ఎంత, ఈ రెంటికీ మధ్య తేడా కనిపెట్టడమే మా విద్య. ఇది నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. ఒక అమ్మాయికి అన్యాయం చేశాక తెలుసుకున్నాను. ఆ సంగతి తర్వాత రాస్తాను.

మాది చిత్తూరు జిల్లా. నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీ. సాయంత్రం అయితే గ్రౌండ్‌లో సున్నం గీతలు, నాన్న విజిల్, దుమ్ములో చెప్పుల్లేని పిల్లలు. నేనూ ఆ పిల్లల్లో ఒకదాన్ని. కాలు బెణికితే మా వైపు ఆసుపత్రికంటే ముందు గుర్తొచ్చేది పుత్తూరు కట్టు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలు. ఏడో తరగతిలో నాకూ కట్టించారు. ఆ కట్టు వల్ల ఎంత మేలు జరిగిందో ఇప్పుడు నేను వాదించను; ఎముక విరిగిందనే అనుమానం ఉంటే ఎక్స్‌రే తీయించాల్సిందే. కానీ ఆ పెద్దాయన కట్టు కట్టేముందు చేసింది నాకు బాగా గుర్తుంది. బొటనవేలితో నా చీలమండ చుట్టూ అంగుళం అంగుళం నొక్కుతూ, "ఇక్కడా? ఇక్కడా?" అని అడిగాడు. కాలు చూడకుండా నా మొహం చూశాడు. కెనడాలో ఇయాన్ స్టీల్ అనే డాక్టర్, ఆయన సహచరులు 1992లో ఇచ్చిన ఒట్టావా నియమాలు చదువుతుంటే నాకు ఆ బొటనవేలే గుర్తొచ్చింది. చీలమండ గిలకల వెనక అంచున, చిటికెన వేలి ఎముక మొదట్లో, పాదం లోపలి వైపు నావిక్యులర్ ఎముక దగ్గర నొక్కాలి. నాలుగు అడుగులు వేయగలరా చూడాలి. ఎక్స్‌రే కావాలో అక్కర్లేదో చాలావరకు తేలిపోతుంది.

నేను పోడియాట్రీ చదువుతానంటే మా మేనత్త, "ఇంత చదివించింది ఊళ్ళోవాళ్ళ కాళ్ళు పట్టుకోడానికా?" అంది. మన భాషలో కాళ్ళు పట్టుకోవడమంటే ఏమిటో అందరికీ తెలుసు. నాన్న మాత్రం ఒక్కమాట అన్నాడు: "నా దగ్గర చదివిన మంచి రన్నర్లు ముగ్గురు కాళ్ళ వల్లే ఆట మానేశారమ్మా. వాళ్ళ కాళ్ళు పట్టుకునేవాళ్ళు ఎవరూ లేకపోయారు." ఆ మాట మీదే వచ్చాను.

చదువు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఆస్ట్రేలియాలో నాలుగేళ్ళ డిగ్రీ. తర్వాత జాతీయ రిజిస్టర్‌లో పేరు ఉంటేనే పోడియాట్రిస్ట్ అని బోర్డు పెట్టుకోవాలి. బ్రిటన్‌లోనూ ఈ పేరుకు చట్టరక్షణ ఉంది. అమెరికా దారి వేరు: డిగ్రీ తర్వాత నాలుగేళ్ళ డీపీఎం (డాక్టర్ ఆఫ్ పోడియాట్రిక్ మెడిసిన్), ఆపైన మూడేళ్ళ రెసిడెన్సీ, వాళ్ళు ఎముకల సర్జరీలూ చేస్తారు. ఎక్కడ చదివినా స్టేడియంలోకి నేరుగా ఎవరూ వెళ్ళరు. మొదటి రెండు మూడేళ్ళు ముసలివాళ్ళ గోళ్ళు, ఆనెలు, షుగర్ పేషెంట్ల పుండ్లు. గోరు మాంసంలోకి పెరిగి చీము పట్టిన బొటనవేలికి మత్తు సూది ఇచ్చి, గోరు అంచు తీసి, అది మళ్ళీ మొలవకుండా ఫినాల్ అనే రసాయనం పూయడం. ఈ పని తక్కువది అనుకునేవాళ్ళు ఈ వృత్తికి రాకపోవడమే మంచిది. షుగర్ ఉన్న పెద్దావిడ పాదంలో స్పర్శ పోయిన చోటు వెతకడం నేర్చుకున్న చేతికే, తర్వాత రన్నర్ పాదంలో నాణెమంత నొప్పి చోటు దొరుకుతుంది.

పెద్ద ఫుటీ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) క్లబ్బుల్లో ఫిజియోలు రోజంతా ఉంటారు. మమ్మల్ని ఎక్కువగా వారానికో రోజు పిలుస్తారు. రాత్రి ఎనిమిదిదాకా క్లినిక్, శనివారాలు గ్రౌండ్. రోజంతా స్టూల్ మీద వంగి పనిచేయడంతో నడుము పోతుంది. ఇవన్నీ తెలిసే రావాలి.

ఇక అసలు తగాదా దగ్గరికి వస్తాను.

చదువుకునేటప్పుడు మాకు నేర్పిన సిద్ధాంతం కాలిఫోర్నియాకు చెందిన మెర్టన్ రూట్ అనే పోడియాట్రిస్ట్‌ది. ఆయన మడమ పైనున్న కీలుకు 'న్యూట్రల్' అని ఒక స్థానం నిర్ణయించాడు. పాదం ఆ స్థానం నుంచి పక్కకు ఒరిగితే అది లోపమని, ఆ లోపమే నొప్పులకు మూలమని, బూటులో సరైన కోణంలో అట్ట పెడితే సరవుతుందని ఆ పద్ధతి సారం. 1970లలో ఇది మా వృత్తికి ఒక శాస్త్రం, ఒక గౌరవం ఇచ్చింది. ఆయన్ని నేను తక్కువ చేయను. అప్పటిదాకా గోళ్ళు తీసేవాళ్ళుగా చూసిన మమ్మల్ని, నడకను లెక్కగట్టేవాళ్ళుగా నిలబెట్టాడు. చిక్కల్లా ఏమిటంటే, ఏ నొప్పీ లేని మామూలు మనుషులను కొలిచినా ఆ 'సరైన' పాదం చాలా తక్కువమందికే ఉంటుంది. అందరికీ ఉన్నదాన్ని లోపమని ఎలా అంటాం?

తర్వాత అమెరికా సైన్యం ఒక మంచి పని చేసింది. శిక్షణకు వచ్చిన వేలమంది కొత్తవాళ్ళను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు పాదం వంపును బట్టి, చదును పాదానికి ఒక రకం షూ, ఎత్తు వంపుకు ఇంకో రకం ఇచ్చారు. రెండో గుంపుకు వంపుతో సంబంధం లేకుండా అందరికీ ఒకటే రకం. ఆర్మీలో, ఎయిర్‌ఫోర్స్‌లో, మెరైన్స్‌లో మూడు చోట్లా చేసి చూశారు. 2009, 2010లలో ఫలితాలు వచ్చాయి. వంపు చూసి షూ ఇచ్చినందువల్ల గాయాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. కెనడాలోని కాల్గరీలో ఏళ్ళ తరబడి పరుగును కొలిచిన బెన్నో నిగ్ కూడా 2015లో తన సహచరులతో కలిసి దాదాపు ఇదే చెప్పాడు: పాదం లోపలికి ఒరగడాన్ని బట్టి ఎవరికి గాయమవుతుందో చెప్పలేం, వేసుకున్నప్పుడు కాలికి ఏది హాయిగా ఉంటే ఆ షూ మంచిది. ఇంత చదువు చదివి చివరికి 'మీకు ఏది హాయిగా ఉంది' అని అడగాల్సి రావడం మావాళ్ళలో చాలామందికి కష్టంగా ఉంటుంది. నాకూ మొదట్లో అలాగే ఉండేది.

మరి ఇన్సోల్స్ అమ్మకం ఎందుకు తగ్గలేదు? డబ్బు వల్ల. ఇక్కడ ప్రైవేటు హెల్త్ ఇన్సూరెన్స్‌లో 'ఎక్స్‌ట్రాస్' అని ఉంటుంది. అందులో ఇన్సోల్స్‌కు కొంత తిరిగి వస్తుంది. చాలా కంపెనీల్లో ఆ లిమిట్ జనవరితో కొత్తగా మొదలవుతుంది కాబట్టి, నవంబర్, డిసెంబర్‌లలో 'వాడకపోతే పోతుంది' అని జనం వస్తారు. అరగంట కూర్చుని వారం రోజుల ఆట లెక్క రాసినందుకు వచ్చే ఫీజు ఎంత, పది నిమిషాల్లో పాదం స్కాన్ చేసి పంపితే వచ్చేది ఎంత అని చూసుకుంటే క్లినిక్ ఏ వైపు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు. నేను చేరిన మొదటి క్లినిక్‌లో నెలాఖరున ఎవరు ఎన్ని జతలు రాశారో బోర్డు మీద ఉండేది. నా అంకె తక్కువగా ఉన్న నెల నాకు నిద్ర పట్టేది కాదు. ఆ టెన్షన్‌లోనే తర్వాతి నెల ఎక్కువ రాశాను. ఆ ఎక్కువ రాసినవాటిలో ఒకటి ఆ అమ్మాయిది.

పదిహేడేళ్ళు, 400 మీటర్ల హర్డిల్స్. పాదం పైన, మధ్యలో ఎక్కడో నొప్పి అంది. వేలు పెట్టి చూపించలేకపోయింది. స్పైక్స్ (అడుగున మేకులున్న పరుగు బూట్లు) వేసుకుని పరిగెత్తితే నొప్పి, రెండు రోజులు మానేస్తే ఉండదు. వాపు లేదు. నేను నడిపించి చూశాను, వంపు బాగా కుంగుతోంది. ఇంకేం, కారణం దొరికిందనుకున్నాను. ఇన్సోల్స్ రాశాను. రెండు వారాలకు వచ్చి "చాలా తగ్గింది, థాంక్యూ" అంది. నా సంతోషానికి హద్దు లేదు. ఆ రెండు వారాలూ పరీక్షలని ట్రైనింగ్‌కే వెళ్ళలేదన్న సంగతి నేను అడగలేదు, తనూ చెప్పలేదు.

ఇన్సోల్స్ రాసిన ఏడు వారాలకు కుంటుతూ వచ్చింది. స్పోర్ట్స్ డాక్టర్ దగ్గరికి పంపితే ఎంఆర్‌ఐ తీయించారు. నావిక్యులర్ స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే మళ్ళీ మళ్ళీ పడిన ఒత్తిడికి ఆ ఎముక చిట్లడం. పాదం వంపుకు పైన, కమాను మధ్యలో బిగించే రాయిలా ఉండే చిన్న ఎముక అది. మధ్య భాగానికి రక్తం తక్కువగా అందుతుంది కాబట్టి చిట్లితే త్వరగా అతకదు. ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడను కూడా కనపడదు. అది తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేదు: చీలమండకు కాస్త ముందు, పాదం పైన సరిగ్గా ఒక చోట బొటనవేలితో నొక్కితే పేషెంట్ ఎగిరిపడుతుంది. 'ఎన్ స్పాట్' అంటారు. నేను నొక్కలేదు. వంపు చూసి ఆగిపోయాను. పుత్తూరు పెద్దాయన నా కాలికి చేసిన పని నేను ఆ అమ్మాయి కాలికి చేయలేదు.

ఆరు వారాలు కట్టు, కాలు నేల మీద మోపకూడదు. సీజన్ పోయింది. రాష్ట్ర జట్టు సెలెక్షన్ పోయింది. ఆ ఇన్సోల్స్ ఆ ఫ్రాక్చర్‌ను తెచ్చిపెట్టలేదు. కానీ కారణం దొరికేసిందన్న భ్రమను మాకిద్దరికీ ఇచ్చాయి, ఆ భ్రమలో తను ఇంకో అయిదు వారాలు చిట్లిన ఎముక మీద పరిగెత్తింది.

అంతకంటే నన్ను కుదిపింది ఆ స్పోర్ట్స్ డాక్టర్ అడిగిన ప్రశ్న. "పీరియడ్స్ సరిగ్గా వస్తున్నాయా?" అయిదు నెలలుగా రావడం లేదంది అమ్మాయి. తేలికగా ఉంటే హర్డిల్స్ బాగా దాటవచ్చని రాత్రిపూట తినడం మానేసింది. తిన్నది ఆటకే సరిపోక ఒంటికి మిగలనప్పుడు హార్మోన్లు తగ్గుతాయి, ఎముక పలచబడుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి 'రెడ్-ఎస్' అని పేరు పెట్టి, మగపిల్లలకూ వస్తుందని చెప్పింది. పాదాల డాక్టర్‌కి నెలసరితో ఏం పని అని మన తెలుగు తల్లులు ఇప్పటికీ ఆశ్చర్యపోతారు, కొందరికి కోపం కూడా వస్తుంది. నేను అడుగుతూనే ఉంటాను. ఎముక నొప్పితో వచ్చిన ప్రతి అమ్మాయినీ అడుగుతాను. అబ్బాయిలను రాత్రి ఏం తిన్నావని అడుగుతాను.

ఆ క్లినిక్ మానేశాను. చేతిలో ఇంకో ఉద్యోగం లేకుండానే మానేశాను.

ఇన్సోల్స్ పూర్తిగా దండగ అంటున్నానా? లేదు. షుగర్‌తో స్పర్శ పోయిన పాదంలో ఒకే చోట బరువు పడి పుండవుతుంటే, ఆ బరువును తప్పించే మెత్త కాలును కాపాడుతుంది. అక్కడ అది ప్రాణాధారం. ఆటగాళ్ళకు కూడా కొన్ని వారాలు నొప్పి తగ్గించి కదలనివ్వడానికి పనికొస్తుంది. నేనూ ఇస్తాను, ఎక్కువసార్లు మందుల షాపులో దొరికే చవకరకం. ఎప్పుడు తీసేయాలో తేదీ కూడా రాసిస్తాను. ఆకారం అస్సలు లెక్కలోకి రాదని కూడా అనను. పశ్చిమ బెంగాల్‌లోని జల్పాయిగుడి అమ్మాయి స్వప్నా బర్మన్‌కు రెండు పాదాలకూ ఆరేసి వేళ్ళు. మామూలు స్పైక్స్‌లో ఆ పాదాలను ఇరికించి, నొప్పి భరిస్తూనే 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో హెప్టాథ్లాన్ స్వర్ణం గెలిచింది. గెలిచాక అడిగింది ఏమిటి? తన కాలికి సరిపోయే బూట్లు. తర్వాత అడిడాస్ ఆమె కోసం ప్రత్యేకంగా చేసింది. అక్కడ కూడా తప్పు పాదానిది కాదు, బూటుది. ఆ పాదాన్ని బూటులో ఇరికించమన్నవాళ్ళది.

మందుకంటే పని ఎంత గొప్పదో మా నాన్న మడమ దగ్గర చూశాను. రిటైరయ్యాక ఒక ఏడాది మడమ శూల పట్టుకుంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు గుచ్చినట్టు ఉండేదట. అరికాలి పట్టీ మడమకు అతికే చోట వచ్చే నొప్పి అది. ఊళ్ళో ఎవరో సూది వేయించుకోమన్నారు, ఇంకెవరో సిలికాన్ మెత్త తెచ్చిచ్చారు. నేను వీడియో కాల్‌లో మెట్టు మీద నిలబెట్టాను. తువ్వాలు చుట్ట చుట్టి కాలివేళ్ళ కింద పెట్టించాను. ఒంటికాలి మీద మూడు సెకన్లలో పైకి లేవాలి, రెండు సెకన్లు ఆగాలి, మూడు సెకన్లలో దిగాలి. రోజు విడిచి రోజు. సులువనిపిస్తే వీపుకు సంచీ తగిలించుకుని అందులో పుస్తకాలు వేసుకోవాలి. ఇది నా సొంత తెలివి కాదు. డెన్మార్క్‌లో రాథ్లెఫ్ బృందం 2014లో నలభై ఎనిమిది మంది మీద చేసిన ప్రయోగం. రెండు గుంపులకూ ఇన్సోల్స్ ఇచ్చారు. ఒక గుంపు సాగదీసే వ్యాయామం, ఇంకో గుంపు ఈ బరువు వ్యాయామం. మూడు నెలలకు బరువు ఎత్తినవాళ్ళే బాగున్నారు. ఏడాది తిరిగేసరికి రెండు గుంపులూ ఇంచుమించు ఒకటయ్యాయి, అదీ నాన్నకు చెప్పాను. "ఏడాది కుంటేకంటే మూడు నెలలు మెట్టెక్కడం మేలు కదమ్మా" అన్నాడు. సంచీలో వేసుకున్నవి పాత స్పోర్ట్స్ రూల్ పుస్తకాలు. ఫోను కిటికీలో పెట్టి, విజిల్ లేదు గానీ అదే గొంతుతో లెక్కపెట్టుకునేవాడు.

మడమ వెనక నరం నొప్పికీ ఇదే దారి. మనవాళ్ళు నరం అంటారు గానీ అది స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు; పరుగులో ఒంటి బరువుకు ఎన్నో రెట్లు లాగుడు భరిస్తుంది. స్వీడన్ సర్జన్ హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ 1998లో, సర్జరీ కోసం ఎదురుచూస్తున్న పదిహేను మందికి మడమను మెట్టు అంచు నుంచి కిందికి దించే వ్యాయామం రోజుకు నూట ఎనభై సార్లు, పన్నెండు వారాలు చేయించాడు. అందరూ మళ్ళీ పరుగుకు వెళ్ళారు. తర్వాత వచ్చిన పరిశోధనలు ఆ లెక్కను సవరించాయి. అయినా నొప్పి ఉన్న చోటుకు పూర్తి విశ్రాంతి ఒక్కటే మందు అనే నమ్మకం మాత్రం అక్కడితో కదిలింది. ఎముక చిట్లితే ఆగాలి, స్నాయువు నొప్పి పెడితే పని చేయించాలి. ఏది ఏదో తెలుసుకోవడానికే వేలు, ప్రశ్న, కాగితం.

మన దగ్గర పరిస్థితి తలచుకుంటే నాకు దిగులుగా ఉంటుంది. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ గేమ్స్‌లో సింధు ఎడమ పాదంలో స్ట్రెస్ ఫ్రాక్చర్‌తోనే స్వర్ణం గెలిచింది. ఆ వెంటనే టోక్యో ప్రపంచ ఛాంపియన్‌షిప్ వదులుకుంది, మళ్ళీ కోర్టులోకి వచ్చింది 2023 జనవరిలో. అంత పెద్ద క్రీడాకారిణికి చూసేవాళ్ళు ఉంటారు. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లో చేరాలని కలగనే పిల్లలకు, మండల స్థాయి కబడ్డీ ఆడే పిల్లలకు, హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్లు ఎక్కి దిగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు ఎవరున్నారు? 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం షెడ్యూల్లో పోడియాట్రిస్ట్ అన్న పేరు ఉంది. పేరు ఉండటం మంచిదే. రేపు కాలేజీలు వచ్చి, సీట్లు వచ్చి, మన పిల్లలు చేరినప్పుడు మొదట ఏం నేర్పుతారన్నదే నా భయం. స్కానింగ్ మెషీన్ కొనడం సులభం. అది చూపించే ఎరుపు, పసుపు రంగుల బొమ్మ తల్లిదండ్రులను భయపెట్టడానికి ఇంకా సులభం. ఆరేళ్ళ పిల్లవాడి పాదం చదునుగా ఉంటే చాలామటుకు అది వయసుతో పాటు వచ్చే మార్పు, నొప్పి లేకపోతే వదిలేయాలి. అక్కడ వాడికి ఇన్సోల్ అంటగట్టి, 'నీ కాళ్ళు బాగాలేవు' అన్న మాట చెవిలో వేస్తే, ఆ మాట వాడితో పాటు పెరుగుతుంది. ముప్పై ఏళ్ళవాళ్ళు నా దగ్గరికి వచ్చి, "నాకు చిన్నప్పటి నుంచీ కాళ్ళు బాగాలేవండీ, అందుకే పరిగెత్తను" అంటుంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఒంటికాలి మీద మడమ పైకెత్తమంటే పాతిక సార్లు ఎత్తుతారు. ఆ కాళ్ళకు ఏమైందని?

కాబట్టి మెసేజ్‌లు పెట్టే పిల్లలకు నా జవాబు ఇది. రండి. అయితే చేరేముందు ఎక్కడైనా ఒక క్లినిక్‌లో ఒక రోజంతా కూర్చోండి. పోడియాట్రిస్ట్ మొదటి పది నిమిషాలు ఏం చేస్తున్నారో చూడండి. పేషెంట్ చెప్పేది వింటున్నారా, నేరుగా స్కానర్ మీద నిలబెడుతున్నారా? మొదటి రకం వాళ్ళ దగ్గర పని నేర్చుకోండి, జీతం కొంచెం తక్కువైనా సరే.

టార్నీట్ అబ్బాయి ఫిబ్రవరి మొదటి వారంలో మళ్ళీ వచ్చాడు. మడమ నేలకు ఆనించి నడిచాడు. ఈసారి వాళ్ళ నాన్న కూడా వచ్చాడు. తల్లి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి నాలుగు మడతల కాగితం తీసింది. తెలుగు క్యాలెండర్‌లో చింపిన డిసెంబర్ నెల, వెనక వైపంతా నీలం పెన్‌తో రాసి ఉంది. "గురువారం: అకాడమీకి పంపలేదు. ఏడ్చాడు. నొప్పి 6." "ఆదివారం: నెట్స్ లేదు. వాళ్ళ నాన్న అలిగారు. నొప్పి 4." ఆయన ఆ లైను చూసి నవ్వాడు. తర్వాత క్రిస్మస్ సెలవులు కలిసొచ్చాయి. మడమలెత్తడం పది, పది, పన్నెండు. చివరి మూడు రోజుల ఎదురుగా నొప్పి ఒకటి, సున్నా, ఒకటి.

"శనివారం మ్యాచ్ ఉందండీ. ఎన్ని ఓవర్లు వేయనివ్వచ్చు?" అన్నాడు వాళ్ళ నాన్న.

"మూడు."

"నాలుగు?" అన్నాడు అబ్బాయి.

"మూడే నాన్నా. ఆదివారం పొద్దున మంచం దిగినప్పుడు ఎలా ఉందో చూసి, అమ్మ రాస్తుంది. అప్పుడు నాలుగో ఓవర్ సంగతి మాట్లాడదాం."

తల్లి అప్పటికే పెన్ తీసింది.